సగానికి మరిగిన నీళ్ళు

పోలీసు స్టేషను వెనుక పెరట్లో, ఒక పాత సిమెంటు పలక మీద కుర్చీ వేసుకొని ఇన్‌స్పెక్టరు కాఫీ తాగుతున్నాడు. పలక పోసిన రోజున తడి ఆరకముందే మేస్త్రి ఎవరో అరచేయి నొక్కి వదిలిన గుర్తు, అయిదు వేళ్ళతో సహా, అందులో లోతుగా గట్టిపడిపోయింది. కప్పు కింద పెట్టుకోవలసి వచ్చినప్పుడల్లా ఆయన దానిని ఆ అరచేతి గుంటలోనే పెట్టేవాడు.

“రండి, గుండుసూది గారూ! కేసు సంగతి తరువాత. ముందు మా మనవణ్ణి చూడండి,” అంటూ ఫోను ఆమె ముఖానికి ఎదురుగా చాపాడు. “నెల నిండింది. తల్లీ బిడ్డా ఈ వెనక క్వార్టర్సులోనే ఉన్నారు. డబ్బా పాలే అయినా సీసా మూతికి తగిలిందంటే వదలడు వెధవ. ముక్కు చూశారా? అచ్చం నాదే.”

“బెంగపడకండి. ఎదిగేకొద్దీ ముక్కులు మారతాయి,” అన్నది ఆమె.

ప్రభుత్వ ప్రయోగశాలలో చాలాకాలం రసాయన పరీక్షలు చేసి, పదవీ విరమణ తరువాత సొంతంగా నేర పరిశోధన చేపట్టిన ఆ స్త్రీకి గుండుసూది అన్న పేరు పోలీసులు పెట్టినదే. ఎదుటివారి గొప్పలలో గాలి తీస్తుందని వారి ఫిర్యాదు. ఆమెకు ఆ పేరు పట్ల ఏ అభ్యంతరమూ ఉండేది కాదు.

“కాఫీ తాగండి. మా బోరు నీళ్ళ కాఫీకి రుచే వేరు.”

“పని మీద వచ్చాను. పెద్దకోడల్ని కోర్టుకు ఎప్పుడు తీసుకెళ్తున్నారు?”

“మధ్యాహ్నం. సాయంత్రానికి పాప ఆస్పత్రి నుంచి ఇంటికొస్తుంది. విషం పెట్టిన చెయ్యి లోపలుంది కదా, ఇక ఆ ఇంట్లో భయం లేదు.”

“ఆ చెయ్యే పెట్టి ఉంటే భయం లేదు. కాకపోతే, పాపను మీరు నేరుగా విషం దగ్గరికే పంపుతున్నట్టు.”

ఆ ఇంట్లో అత్తగారు, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు ఉండేవారు. చిన్నకోడలికి నాలుగు నెలల పాప. అందరూ చిట్టి అని పిలిచేవారు. సెలవు ముగిసి చిన్నకోడలు టెలిఫోను ఆఫీసుకు వెళ్ళసాగినప్పటి నుంచి చిట్టికి సీసాతో పాలు పట్టే పని పెద్దకోడలి చేతికి వచ్చింది. పెద్దకోడలికి పిల్లలు లేరు. ఇంటి ముందుగదిలో బట్టలకు రంగులు అద్దుతూ ఉంటుంది. ఆమె పట్టిన పాలు తాగిన చిట్టికి రెండుసార్లు పెదవులు, గోళ్ళు నీలంగా మారాయి. రెండుసార్లూ ఆస్పత్రిలో తీసిన రక్తం చాక్లెట్ రంగులో ఉన్నది. మందు ఎక్కించగానే పాప తేరుకున్నది. ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ చక్కగా ఉన్నది. ఇంటికి తిరిగి వెళ్ళాక మళ్ళీ నీలమైనది. కొన్ని రకాల రంగుపొడులు కడుపులోకి పోతే రక్తం ఇలాగే మారుతుందని డాక్టరు చెప్పాడు. దానితో ఇన్‌స్పెక్టరుకు కేసు తేలిపోయింది. గడియారాలు బాగుచేసే పెద్దకొడుకు ఒక్కడే, తన భార్య అటువంటిది కాదని, గుండుసూది ఇంటి మెట్ల మీద కూర్చొని ప్రాధేయపడ్డాడు.

“‘తప్పు నాదే’ అని నా ముందే ఏడ్చింది మేడమ్. ఇంకేం కావాలి మీకు?”

“ఏ తప్పో అడిగారా?”

“తప్పంటే తప్పే. అందులో రకాలేమిటి?”

“సరే. ఇది చెప్పండి. ఆ రంగుపొడి చిటికెడు వేస్తే బకెట్టు నీళ్ళు ఎర్రబడతాయి. ఎర్రటి పాలు ఆ ఇంట్లో ఎవరైనా చూశారా?”

ఇన్‌స్పెక్టరు కప్పును అరచేతి గుంటలో పెట్టాడు. “తెల్లరంగు కలిపి ఉంటుంది.”

“తెల్లబట్టకు తెల్లరంగు అద్దేవాళ్ళు ఉంటారని మీ వల్లే తెలిసింది. నేను ఆవిడతో మాట్లాడాలి.”

*

పెద్దకోడలు బల్లకు అవతల తల వంచుకొని కూర్చొని ఉన్నది. ఆమె వేళ్ళ చివర నీలి, ఎరుపు మరకలు ఉన్నాయి.

“రంగుల డబ్బాలు ఎక్కడ పెడతావమ్మా?”

“ముందుగది బీరువాలో. తాళం వేసి.”

“పాకే పిల్ల కూడా కాదే. తాళం ఎందుకు?”

“రేపు పాకుతుంది కదా మేడమ్. అలవాటు ఇప్పట్నుంచే ఉండాలని.”

“పాలు కలిపేముందు చేతులు కడుక్కుంటావా?”

“మోచేతుల దాకా రుద్దుకుంటాను. ఈ మరక చర్మానికి పట్టేసింది, సబ్బుకి కూడా పోదు. సబ్బుకి పోనిది పాలల్లోకి ఎలా పోతుంది?”

గుండుసూది ఆమె వైపు కొంత గౌరవంగా చూసింది. “ఇంత చక్కగా మాట్లాడగలదానివి, ఇన్‌స్పెక్టరు దగ్గర తప్పు నాదే అని ఎందుకన్నావు?”

పెద్దకోడలు మరకల వేళ్ళను కొంగులో దాచుకున్నది.

“నువ్వు నోరు మూసుకుంటే జైలుకు పోయేది నువ్వొక్కదానివే అనుకుంటున్నావు. ఈ సాయంత్రం చిట్టిని ఇంటికి తెస్తున్నారు.”

పెద్దకోడలు చివాలున తలెత్తింది. “అప్పుడేనా? నీళ్ళు ఎవరు కాస్తారు? అత్తయ్యకి కళ్ళు సరిగా ఆనవు. గిన్నెలో గీత కనబడదు ఆవిడకి!”

“ఏ గీత?”

“చిట్టి నీళ్ళ గిన్నెలో గీత పెట్టుకున్నాం మేడమ్. నిండా పోసిన నీళ్ళు మరిగి మరిగి సగానికి దిగాలి. అప్పుడే శుద్ధి అయినట్టని అత్తయ్య లెక్క. చిట్టికి మొదటిసారి బాగోలేనప్పుడు, ఇంకా గట్టిగా మరిగించాలని సగానికి కింద ఇంకో గీత గీయించారు.”

“ఆ గీత దాకా మరిగించడం మొదలుపెట్టాక రెండోసారి నీలమైంది.”

“అవును.”

“మరి నీ తప్పు ఏమిటి?”

పెద్దకోడలు గొంతు తగ్గించింది. “మధ్యలో గ్యాసు బండ అయిపోయింది. కొత్తది రావడానికి వారం పట్టింది. ఇంటిల్లిపాది వంట పక్కింటి పొయ్యి మీద కానిచ్చాం. రోజుకి అన్నిసార్లు వాళ్ళ గ్యాసు మీద నీళ్ళు సగానికి ఇగరబెడతానని ఏ మొహం పెట్టుకుని అడగను? సందు చివర షాపులో క్యాను నీళ్ళు కొని, ఎండలో వెచ్చచేసి, పాలు కలిపేశాను. పక్కింట్లో మరిగించి తెస్తున్నానని అత్తయ్యకి అబద్ధం చెప్పాను. బండ వచ్చాక మళ్ళీ బావినీళ్ళు తోడి మరిగించాను. నాలుగు రోజులు తిరక్కుండానే బిడ్డ నీలమైపోయింది. ఆ పచ్చినీళ్ళే మేడమ్, లోపల దాక్కుని తర్వాత బయటపడ్డాయి.”

“ఆ క్యాను నీళ్ళ వారంలో చిట్టి ఎలా ఉంది?”

ఈ ప్రశ్నను ఇంతవరకు ఎవరూ అడగలేదని ఆమె ముఖమే చెప్పింది. “ఆ వారమా? నవ్వింది. బిడ్డ గొంతెత్తి నవ్వడం మొదలుపెట్టింది ఆ వారంలోనే.”

గుండుసూది లేచి నిలబడింది. “నువ్వు దాచుకున్న తప్పే నీ సాక్షి. కళ్ళు తుడుచుకో. సాయంత్రం పాలు నువ్వే కలుపుతావు.”

*

ఆ వంటగది చాలా శుభ్రంగా ఉన్నది. చిట్టి సీసాలు బోర్లించిన పళ్ళెం మీద పలుచని గుడ్డ కప్పి ఉన్నది. పక్కనే, మిగతా సామానుతో కలవకుండా, నీళ్ళ గిన్నె. దాని లోపలి అంచు మీద రెండు గీతలు. ఒకటి పాతది, రెండవది ఇంకా మెరుస్తున్నది. అడుగున సున్నపు పొర గట్టిగా పేరుకొని ఉన్నది.

“తోమితే పోదమ్మా ఆ తెలుపు,” అన్నది అత్తగారు, చీరె కొంగుతో చేతులు తుడుచుకుంటూ. “ఎంత మరిగిస్తే అంత పేరుకుంటుంది. చెడంతా అడుక్కి దిగిపోతుందన్న మాట.”

“కొంత దిగుతుంది. దిగనిది ఎక్కడుంటుంది?”

అత్తగారు ఆ ప్రశ్నను పట్టించుకోలేదు. “నా పెద్దకోడలు చెడ్డది కాదమ్మా. కానీ వెనకింటి ఎరువుల షావుకారు అంత గట్టిగా చెప్పేసరికి నాకు దిమ్మతిరిగిపోయింది. రంగులు తగిలితే పసిపిల్లల రక్తం మారిపోతుందన్నాడు. పోలీసులకీ ఆయనే చెప్పాడు.”

“డాక్టరు చెప్పింది విని చెప్పాడా?”

“లేదమ్మా, ఇంకా ఆస్పత్రికి పోనేలేదు. ఆటో కోసం గుమ్మంలో నిలబడి ఉంటే, ‘అది రంగుల పనేనండీ, డాక్టరుకి ఆ మాట చెప్పండి’ అన్నాడు. పాపం, ఎంత సాయం చేసినా మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టడు. కాఫీ ఇచ్చినా ఇప్పుడే తాగానంటాడు. అంత మొహమాటస్తుడు.”

గుండుసూది ఫ్లాస్కులో మిగిలి ఉన్న మరిగిన నీళ్ళు ఒక గాజు గ్లాసులో పోయించుకొని, మరొక గ్లాసు పట్టుకొని పెరట్లోకి వెళ్ళింది. బావి ప్రహరీ గోడకు ఆనుకొని ఉన్నది. మోటారు వేసి రెండవ గ్లాసు నింపింది. మూడవ గ్లాసులో, దారిలో కొన్న క్యాను నీళ్ళు పోసింది. సంచిలోంచి సన్నని పరీక్ష కాగితాలు తీసింది. నైట్రేటు అనే లవణం నీటిలో ఎంత ఎక్కువగా ఉంటే ఆ కాగితం కొస అంత గులాబీరంగుకు తిరుగుతుంది.

క్యాను నీళ్ళలో ముంచిన కాగితం తెల్లగానే ఉన్నది. బావినీళ్ళలో ముంచినది గులాబీరంగు పుంజుకొన్నది. సగానికి మరిగిన నీళ్ళలో ముంచినది చూస్తూ ఉండగానే ముదురు గులాబీ దాటి ఎరుపెక్కింది.

ఆమె వంటగది గుమ్మం దగ్గరికి వచ్చి, “నేను తిరిగి వచ్చేదాకా ఫ్లాస్కులో ఉన్న ఆ నీళ్ళు ఎవరూ ముట్టకూడదు,” అన్నది.

“పాత నీళ్ళు కదమ్మా, అలాగే,” అన్నది అత్తగారు. పాప వచ్చేది సాయంత్రానికే కదా అని గుండుసూది అంతకు మించి వివరించలేదు.

*

గోడకు అవతల ఎరువుల గోడౌను. వీధి పొడవునా కాలవలు చూసుకుంటూ గుండుసూది అక్కడికి చేరేసరికి గంట దాటింది. షావుకారు మాత్రం అక్కడ కుర్చీలో కాక, పెరటి మధ్యనున్న సిమెంటు అరుగు మీద కూర్చొని ఉన్నాడు. గోడౌనులో కూలీలు చిరిగిన బస్తాలనుంచి రాలిన ఎరువును నీళ్ళు కొట్టి కడుగుతున్నారు.

“మీరు శుభ్రత బాగా పాటిస్తారు,” అన్నది గుండుసూది.

“రోజూ కడిగించాల్సిందేనండీ. లేకపోతే నేలంతా జారుతుంది.”

“కడిగిన నీళ్ళు ఎటు పోతాయి?”

“ఎటు పోతాయి? వీధి కాలవలోకి.”

“వీధి కాలవ మీ గేటు ముందు పొడిగా ఉంది. నేను అటే వచ్చాను.”

షావుకారు చిరునవ్వు కొంచెం సన్నబడింది. “ఎండకి ఇంకిపోయి ఉంటుంది.”

“ఇంకే వేగం బాగానే ఉంది. ఆ గోడవార అన్ని క్యాన్లు ఎందుకండీ, నిండువి కూడా ఉన్నాయి? మీకు బావి లేదా?”

“ఉండేది. పాడుబడిపోతే ఎప్పుడో పూడ్పించేశాను. ఇదిగో, ఈ అరుగు కిందే. అసలు ఊళ్ళో పాడుబావులన్నీ పూడ్చే కాంట్రాక్టు మునిసిపాలిటీ నాకే ఇచ్చింది. అడుగు నుంచి మట్టి, కంకర, సిమెంటు కూరి, పైన పలక వేసి, పద్ధతిగా పూడ్చాం.” తన ఘనతను తలుచుకొనేసరికి ఆయన ముఖం మళ్ళీ విప్పారింది.

గుండుసూది అరుగును చూసింది. అంచున, మేస్త్రి అరచేయి అచ్చు. కూలీలు కడిగిన నీరు సన్నని కాలవగా నేల మీదుగా పారి వచ్చి, అరుగు కింద ఉన్న రంధ్రంలోకి దిగుతున్నది. ఆమె వంగి ఒక గులకరాయి తీసి ఆ రంధ్రంలో వేసింది.

కొంతసేపటి తరువాత, లోతున ఎక్కడో, నీటి చప్పుడు వినిపించింది.

“మట్టి, కంకర, సిమెంటు,” అన్నది ఆమె. “బాగా చప్పుడు చేస్తున్నాయి.”

షావుకారు నోరు తెరిచేలోగా గోడకు అవతల జీపు హారను మోగింది. ఇన్‌స్పెక్టరు గొంతు పెద్దగా వినిపించింది: “అమ్మగారూ! మీ మనవరాలు వచ్చేసింది! ఆస్పత్రిలో మంచం కావాలన్నారు, ముందే తెచ్చేశాం!”

గుండుసూది గోడ మీదుగా చూసింది. వంటింటి కిటికీలో ఆవిరి కనిపించింది. అత్తగారు ఆమె మాట అక్షరాలా పాటించింది. ఫ్లాస్కును ముట్టకుండా, గిన్నె నిండా బావినీళ్ళు పోసి, కొత్తగా, ఎప్పటికన్నా ఎక్కువసేపు మరిగించింది. ఇప్పుడు ఆమె చేతిలో పాలసీసా ఊగుతున్నది.

ఆ వయసులో అంత వేగంగా పరిగెత్తగలనని గుండుసూది కూడా ఎరుగదు.

“ఆ సీసా దించండి!”

చిన్నకోడలు చిట్టిని ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నది. సీసా పాప పెదవుల దాకా వచ్చింది; పాప అప్పటికే నోరు తెరిచి ఉన్నది. గుండుసూది ఆ సీసాను అత్తగారి చేతిలోంచి లాక్కొని బల్ల మీద పెట్టింది. ఆకలి మీద ఉన్న చిట్టి కయ్యిమన్నది.

“ఏమిటండీ ఇది?” చిన్నకోడలు లేచి నిలబడింది. “అక్క చేసింది చాలదా? మీరు కూడా నా బిడ్డ నోటి దగ్గర పాలు లాక్కుంటారా?”

“మీ అక్క మీ బిడ్డకు ఒక్క వారం మాత్రం మంచి పాలు పట్టింది. ఆ సంగతి చెప్పడానికి భయపడి జైల్లో కూర్చుంది. అందరూ పెరట్లోకి రండి.” ఆమె కిటికీలోంచి గోడ అవతలికి కేకవేసింది. “షావుకారు గారూ, మీరూ రావాలి. గోడ ఇవతలకు వస్తే పోయేదేం లేదు.”

షావుకారు రావలసి వచ్చింది. పరామర్శకు రానని చెప్పడానికి ఇన్‌స్పెక్టరు ముందు ఆయనకు సాకు దొరకలేదు.

*

బావి గట్టు మీద మూడు గ్లాసులు వరుసగా నిలిచాయి. గుండుసూది, సీసాలో పాలు కలపగా గిన్నెలో మిగిలిన నీళ్ళలో ఇంకొక కాగితం ముంచి అందరి ముందూ పట్టుకొన్నది. కాగితం కొస రక్తం చిందినట్లు ఎర్రబడింది.

“ఇది మీ ఇంటి విషం. దీనికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. పెద్దవాళ్ళను పెద్దగా బాధించదు. ఏడాది నిండని పసిబిడ్డ రక్తంలో చేరితే ఊపిరిని మోసే శక్తిని చంపేస్తుంది. అందుకే రక్తం చాక్లెట్ రంగుకు తిరిగింది, పెదవులు నీలమయ్యాయి.”

“ఇంటిల్లిపాదీ ఈ నీళ్ళే తాగుతున్నారు. ఈ వీధిలో సగం మంది తాగుతున్నారు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “ఒక్క పిల్ల దగ్గరే ఆగిపోయిందా మీ విషం?”

“ఈ బావినీళ్ళతో సీసాపాలు తాగుతున్న పసిబిడ్డ ఈ వీధిలో ఇంకెవరున్నారు? చూపించండి.”

ఇన్‌స్పెక్టరు వీధి వైపు ఒకసారి చూశాడు. “అయినా మరిగించారు కదా! మరిగిస్తే ఏ విషమైనా చస్తుంది.”

“క్రిములు చస్తాయి. ఉప్పు చస్తుందా? ఉప్పునీళ్ళు సగానికి మరిగించి చూడండి, ఉప్పదనం రెండింతలవుతుంది. ఇదీ అంతే. ఈ ఇంట్లో ఎంత శ్రద్ధ పెరిగితే అంత విషం పెరిగింది. మొదటి గీత దాకా మరిగిస్తే బిడ్డ పడిపోయింది. రెండో గీత దాకా మరిగిస్తే ఇంకా త్వరగా పడిపోయింది. గ్యాసు అయిపోయిన వారంలో క్యాను నీళ్ళు తాగి నవ్వింది. ఇందులో రంగుపొడికి చోటెక్కడుందో మీరే చెప్పాలి.”

అత్తగారు మోటారు పక్కనే కూలబడిపోయింది. “నా చేత్తో నేనేనా... ఆ గీత గీయించింది నేనే తల్లీ.”

“లేవండి,” అన్నది గుండుసూది. ఆమె గొంతులో కరుకుదనం తగ్గలేదు కానీ, చేయి మాత్రం ముందుకు చాచింది. “తెలియక చేసినవాళ్ళను నేను వెతకడం లేదు. తెలిసి చేసినవాడు ఇక్కడే నిలబడి ఉన్నాడు.”

ఆమె బావినీళ్ళ గ్లాసును తీసి షావుకారుకు అందించింది.

“తాగండి.”

“నాకు... నాకు దాహంగా లేదండీ.”

“ఎండలో అరుగు మీద కూర్చొని వచ్చారు. దాహం లేదా? ఇన్‌స్పెక్టరు గారు తాగుతారు. అత్తగారు రోజూ తాగుతారు. మీకు మాత్రం ఇన్నేళ్ళ నుంచి ఈ ఇంట్లో దాహం వెయ్యలేదు. ఎన్నిసార్లు వచ్చినా మంచినీళ్ళు ముట్టలేదు. అది మొహమాటమని ఈ పెద్దావిడ మురిసిపోయింది.”

గ్లాసు అలాగే ఆమె చేతిలో ఉండిపోయింది. షావుకారు దానిని తీసుకోలేదు. కంటితో కూడా చూడలేదు. అందరూ ఆయననే చూస్తున్నారు.

“ఎరువుల వ్యాపారికి ఎరువు నీళ్ళలో కలిస్తే ఏమవుతుందో తెలియకుండా ఎలా ఉంటుంది? మీరు తాగడానికి క్యాన్లు కొంటారు. మీ గోడౌను కడిగిన నీళ్ళు, అరుగు పలక కింద పూడ్చకుండా వదిలిన పాత బావిలోకి పంపుతారు. ఆ బావికీ ఈ బావికీ మధ్య అడ్డుగా ఉన్నది ఒక గోడ. భూమి లోపల గోడ లేదు. చిట్టి నీలమవగానే కారణం మీకు అర్థమైంది. అందుకే డాక్టరు కన్నా ముందే రంగుల మాట మీరు అందించారు.”

ఇన్‌స్పెక్టరు షావుకారు వైపు తిరిగాడు. “ఆస్పత్రికి పోకముందే చెప్పారా మీరు?”

“ఏదో... ఎక్కడో విన్నాను...”

“నాకు ఫోను చేసినప్పుడు డాక్టరుగారు చెప్పారన్నారు.”

షావుకారు గోడ వైపు ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఇన్‌స్పెక్టరులో ఒక మంచి గుణం ఉన్నది. తాను మోసపోయానని తెలిసినప్పుడు ఆయన కోపాన్ని సరైన దిక్కుకు తిప్పగలడు. “పలక లేపండ్రా!” అని జీపులోని కానిస్టేబుళ్ళను కేకవేశాడు.

“అంతకన్నా ముందు ఇంకో పని ఉంది,” అన్నది గుండుసూది.

ఆయనకు అర్థమైంది. ఫోను తీసి స్టేషనుకు చేశాడు. “ఆవిణ్ణి వదిలెయ్యండి. ఆటో కాదు, స్టేషను జీపులో ఇంటికి దింపండి. ఆఁ, మర్యాదగానే. ముందు సీట్లో.”

చిన్నకోడలు చిట్టిని గుండెకు హత్తుకొని ఏడ్చింది. క్యాను నీళ్ళు వెచ్చచేసి, పాలు కలిపి, సీసా చేతిలో పెట్టుకొని కూడా బిడ్డకు పట్టలేదు. “అక్క వచ్చాకే,” అన్నది అత్తగారితో. చిట్టి ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. మరి కొద్దిసేపటికి జీపు ఆగిన చప్పుడు, గుమ్మంలో పరుగు వినిపించాయి. పెద్దకోడలు చేతులు మోచేతుల దాకా కడుక్కొన్నది. చిన్నకోడలు బిడ్డను ఆమె చేతుల్లో పెట్టి, “తిట్టు అక్కా, నన్ను తర్వాత తిట్టు. ముందు దీనికి పట్టు,” అన్నది.

నీలి, ఎరుపు మరకల వేళ్ళ మధ్య సీసా నిలిచింది. చిట్టి గటగటా తాగింది. పెదవులు గులాబీరంగులోనే ఉన్నాయి.

*

గోడకు అవతల కానిస్టేబుళ్ళు గునపాలతో అరుగు పగలగొట్టి పలకను పైకి లేపారు. లోపల మట్టి లేదు, కంకర లేదు. బావి ఒరల మధ్య నల్లని నీరు, దాని మీద తేలుతున్న ఎరువు బస్తాలు. ఘాటైన వాసన పెరడంతా కమ్ముకొన్నది.

“పూడ్చినందుకు బిల్లు తీసుకున్నావు, వేసింది ఒక్క మూత!” ఇన్‌స్పెక్టరు షావుకారు కాలరు పట్టుకొన్నాడు. “గుండుసూది గారూ, ఒప్పుకుంటున్నాను. ఈ కేసు మీదే.”

“కేసు ఇంకా అయిపోలేదు,” అన్నది ఆమె.

కానిస్టేబుళ్ళు పలకను గోడకు ఆనించి నిలువుగా నిలబెట్టారు. మేస్త్రి అరచేతి అచ్చు ఎండలో స్పష్టంగా, ఎవరినో ఆగమంటున్నట్లు కనిపించింది.

“ఈ చెయ్యి ఎవరిది?” అని ఆమె షావుకారును అడిగింది.

“మా మేస్త్రిది. వాడికదో పిచ్చి. మేం పూడ్చిన... మేం వేసిన ప్రతి పలక మీదా అచ్చు వేస్తాడు.”

“ప్రతి పలక మీదా. కింద అన్నీ ఇలాగేనా?”

షావుకారు నేల చూపులు చూశాడు. అంతకన్నా స్పష్టమైన సమాధానం అక్కరలేదు.

ఇన్‌స్పెక్టరు కాలరు వదిలేశాడు. ఆయన ఆ అరచేతి గుంటనే చూస్తున్నాడు. ఆయన కుడిచేతి వేళ్ళు, లేని కప్పును పట్టుకొన్నట్లు, వాటంతట అవే ముడుచుకొన్నాయి.

“మా పెరట్లో...” అన్నాడు.

“మీ స్టేషను మరుగుదొడ్ల నీళ్ళు ఎటు పోతాయి?” అని గుండుసూది చాలా నెమ్మదిగా అడిగింది.

“వెనక్కి. ఆ పలక వైపే.”

“మీ బోరు?”

“దాని పక్కనే. మా క్వార్టర్సుకీ అవే నీళ్ళు.”

“మరుగుదొడ్డి నీళ్ళలోంచీ ఇదే లవణం పుడుతుంది.”

ఇన్‌స్పెక్టరు ఫోనులో నంబరు నొక్కబోయి రెండుసార్లు తప్పాడు. మూడవసారి అవతలినుంచి భార్య గొంతు, దాని వెనుక ఒక పసివాడి ఏడుపు వినిపించాయి.

“ఏంటండీ ఈ టైములో? వాడు ఆకలికి రాగం ఎత్తుకున్నాడు. నీళ్ళు పొయ్యి మీదున్నాయి, ఇంకా బాగా మరగాలి—”

“దించెయ్!” ఇన్‌స్పెక్టరు అరిచిన అరుపుకు కూలీలు ఉలిక్కిపడ్డారు. “ఆ నీళ్ళు పారబొయ్యి! ఒక్క చుక్క వాడి నోట్లో పడకూడదు!”

“మతి పోయిందా మీకు? మరిగించిన నీళ్ళండీ!”

గుండుసూది ఆయన చేతిలోంచి ఫోను తీసుకొన్నది. “అమ్మా, మీవారికి మతి ఇప్పుడే వచ్చింది. పొయ్యి ఆపండి. గిన్నె ఒంపెయ్యండి. నేను వింటున్నాను.”

ఆ తరువాత, తూములోకి నీళ్ళు పోసిన చప్పుడు, ఫోనులో స్పష్టంగా వినిపించింది.

“ఇప్పుడు బాబు పెదవులు చూడండి. ఏ రంగులో ఉన్నాయి?”

ఏడుపు దగ్గరికి వచ్చింది. ఫోను పగిలిపోయేటంత గట్టిగా ఉన్నది.

“ఎర్రగానే ఉన్నాయండీ. అంచుల్లో కొంచెం... కొంచెం నీలంగా కందినట్టు ఉంది. నిన్నట్నుంచి చలికనుకున్నాను.”

“సమయానికే చేశాం. వాణ్ణి ఎత్తుకొని ఇప్పుడే ఆస్పత్రికి బయలుదేరండి. మీవారు మంచినీళ్ళతో అక్కడికే వస్తున్నారు. అంత గట్టిగా ఏడవగలిగిన బిడ్డకు భయం లేదు. ఏడవనివ్వండి.”

ఆమె ఫోను తిరిగి ఇచ్చేసరికి, ఇన్‌స్పెక్టరు గోడవారనున్న నిండు క్యాను ఒకటి భుజానికెత్తుకొని జీపు వైపు నడుస్తున్నాడు. అది షావుకారు డబ్బుతో కొన్న క్యాను అన్న విషయం ఆ క్షణంలో అక్కడ ఎవరికీ గుర్తు రాలేదు, షావుకారుకు తప్ప.

“మీరు ముందు సీట్లో కూర్చోండి మేడమ్,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. గుండుసూది అన్న మాట ఆయన నోట రాలేదు. “ఊళ్ళో ఇలాంటి పలకలు ఇంకెన్ని ఉన్నాయంటారు?”

“ఆ చెయ్యి ఎక్కడెక్కడ ఆనిందో అన్ని,” అన్నది ఆమె, తలుపు మూసుకుంటూ. “ముందు మనవడి దగ్గరికి పోనివ్వండి. తరువాత ఆ మేస్త్రిని పట్టుకుందాం. వాడి అరచెయ్యి మనకు దారి చూపిస్తుంది.”